మిరిస్సాలో నీలి తిమింగలాలు: బోటు మీంచి ఫోటోలకు ఏ లెన్స్, ఏ సెట్టింగ్స్?

కృష్ణలంక_కిరణ్

అందరికీ నమస్తే. ఫిబ్రవరిలో శ్రీలంక వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, అమ్మానాన్నలు, ఎనిమిదేళ్ళ పాప. మిరిస్సాలో ఒక ఉదయం తిమింగలాలు చూపించే బోటు ఎక్కాలని ప్లాన్.

నా దగ్గర కానన్ ఏపీఎస్‌సీ (చిన్న సెన్సార్) బాడీ ఉంది. లెన్సులు 18-55, 55-250 ఎంఎం (అంకె పెరిగేకొద్దీ దూరానివి దగ్గరగా కనిపిస్తాయి). బెజవాడలో ఒక షాపులో 150-600 అద్దెకిస్తామంటున్నారు. అది దాదాపు రెండు కిలోలు. తీసుకెళ్ళనా వద్దా? ట్రైపాడ్ పనికొస్తుందా? కొల్లేటి దగ్గర పక్షుల్ని తీసిన అలవాటుంది గానీ ఊగే బోటు మీంచి ఎప్పుడూ తీయలేదు. పైగా మా అమ్మకు బస్సెక్కితేనే వాంతులు. అదో టెన్షన్.

పాతకెమెరా

కిరణ్ గారూ, అద్దె డబ్బులు మిగుల్చుకోండి. ముందు చిన్న లెక్క చూద్దాం.

బోటు తిమింగలానికి 100 మీటర్ల దూరంలో ఆగిందనుకోండి. మీ కెమెరా సెన్సార్ వెడల్పు సుమారు 22 మిల్లీమీటర్లు. 250 ఎంఎం దగ్గర ఆ దూరంలో మీ ఫ్రేములో పట్టే వెడల్పు దాదాపు 9 మీటర్లు. నీలి తిమింగలం తోక ఒక చివర నుంచి ఇంకో చివరకు సుమారు 5 మీటర్లు ఉంటుంది. అంటే సగం ఫ్రేము పైగా తోకే నిండుతుంది. 600 పెడితే పట్టేది 3.7 మీటర్లే. తోకలో ముక్క వస్తుంది, అదీ దొరికితే. బోటు ఊగుతుంటే 600లో ఆ ముక్కను వెతుక్కునేలోపు అది నీళ్ళలోకి దిగిపోతుంది.

55-250 సరిపోతుంది. 18-55 కూడా సంచిలో ఉంచండి. డాల్ఫిన్లు బోటు ముక్కు దగ్గరికే వస్తాయి, అప్పుడు 250 పనికిరాదు. లెన్స్ మార్చాల్సి వస్తే లోపల గదిలోకి వెళ్ళి మార్చండి, డెక్ మీద వద్దు. ఉప్పునీటి తుంపర సెన్సార్ మీద పడితే ఆ బాధ వేరు.

ట్రైపాడ్ హోటల్లోనే వదిలేయండి. బోటు కదిలితే ట్రైపాడ్ కూడా కదులుతుంది, పైగా పక్కవాళ్ళ కాళ్ళకు అడ్డం.

సన్నీవేల్_సుబ్బు

పాతకెమెరా అన్న లెక్క కరెక్టే గానీ, ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) వాళ్ళు దాన్ని అలాగే తీసుకోకండి. 36 ఎంఎం సెన్సార్ మీద అదే 9 మీటర్ల వెడల్పు రావాలంటే 400 కావాలి. నేను కాలిఫోర్నియాలోని మాంటెరే బేలో 100-400 వాడతాను. ఇక్కడ శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి వాళ్ళకు కూడా పనికొస్తుందని రాస్తున్నా.

మాంటెరేలో ఏడాది పొడవునా ఏదో ఒకటి కనిపిస్తుంది. శీతాకాలంలో అలాస్కా వైపు నుంచి మెక్సికోకు దిగే గ్రే తిమింగలాలు, వసంతంలో అవే పిల్లలతో తిరుగు ప్రయాణం. ఏప్రిల్, మే నెలల్లో ఆ పిల్లల కోసం కాపుకాసే ఓర్కాలు (కిల్లర్ వేల్స్). వేసవి నుంచి నవంబరు దాకా హంప్‌బ్యాక్ తిమింగలాలు. సీజన్ బాగుంటే నీలి తిమింగలాలు కూడా. కారణం ఏమిటంటే మాస్ లాండింగ్ అనే ఊరి ఒడ్డు నుంచే సముద్రం అడుగున పెద్ద లోయ మొదలవుతుంది. లోతులోంచి పైకొచ్చే చల్లటి నీళ్ళతో పాటే వాటి మేత కూడా.

షట్టర్ స్పీడు విషయానికొస్తే, 1/1000 సెకను వేగం కంటే తగ్గకండి. గాల్లోకి ఎగిరే హంప్‌బ్యాక్ అయితే 1/2000. నీటిబొట్లు విడివిడిగా కనిపించాలంటే అంత కావాలి. మాన్యువల్ మోడులో షట్టర్ 1/1600, ఎఫ్ 8 (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె) పెట్టేసి ఐఎస్ఓ (వెలుగుకు సెన్సార్ సున్నితత్వం) ఆటోకి వదిలేస్తా. తెల్లవారి వెలుగు తక్కువుంటే ఎఫ్ 5.6.

చలి గురించి మిరిస్సా వాళ్ళకు బెంగ లేదు. ఇక్కడ మాత్రం ఆగస్టులో కూడా స్వెటర్, దాని మీద గాలి ఆపే జాకెట్ ఉండాలి. వేళ్ళు కొంకర్లు పోతే బటన్ ఎక్కడుందో తెలియదు.

పాతకెమెరా

సుబ్బు చెప్పిన ఎఫ్ 8 మీద ఒక మాట. కిరణ్ గారి కెమెరాతో 250 ఎంఎం, ఎఫ్ 8, 100 మీటర్ల దూరం అయితే దాదాపు 80 నుంచి 130 మీటర్ల దాకా ఫోకస్‌లోనే ఉంటుంది. కాబట్టి ఫోకస్ కొంచెం అటూ ఇటూ అయినా కొంప మునగదు. కెమెరా ముందు అలను పట్టుకుని అక్కడే కూర్చోవడమే అసలు సమస్య. ఏఐ సర్వో (కదిలేదాన్ని వెంటాడే ఫోకస్) పెట్టి, మధ్య పాయింటు గానీ చిన్న జోన్ గానీ వాడండి. మొత్తం ఫ్రేమంతా కెమెరాకి వదిలేస్తే ఎదురుగా ఉన్న నురగ మీదికి పోతుంది. కొత్త కెమెరాల్లో జంతువుల కన్ను వెతికే సదుపాయం ఉంటుంది కదా, అది ఇక్కడ ఆపేయడమే మేలు. తిమింగలం కన్ను నీటి పైకి రావడమే అరుదు. కెమెరా శుభ్రంగా వెళ్ళి పైన ఎగిరే సముద్రకాకిని పట్టుకుంటుంది.

ఇంకొకటి. మోచేతులు రెయిలింగ్ మీద ఆనించవద్దు. ఇంజన్ అదురు మొత్తం చేతుల్లోకి ఎక్కుతుంది. నడుము ఆనించుకోండి పర్వాలేదు. కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు కాస్త వదులుగా ఉంచితే బోటు ఊపు మోకాళ్ళ దగ్గరే ఆగిపోతుంది.

వైజాగ్_విహారి

బ్రదర్, ఈ లెక్కలన్నీ ఎందుకు. నేను వెళ్ళినప్పుడు చేసిన పని చెప్తా. బోటెక్కగానే కెప్టెన్ చేతిలో కాస్త డబ్బు పెట్టి "అన్ని బోట్ల కంటే మనం ముందుండాలి" అన్నా. మనిషి రెచ్చిపోయాడు. ఎక్కడ నీళ్ళు చిమ్మితే అక్కడికి ఫుల్ స్పీడు. ఫోనుతోనే తీశా, వీపు మీది మచ్చలతో సహా వచ్చింది. 55-250 కూడా అక్కర్లేదు.

తీరం_లత

విహారి గారూ, వీపు వచ్చింది సరే, తోక వచ్చిందా?

వైజాగ్_విహారి

తోక రాలేదు మేడమ్. అది మునిగిపోయింది.

తీరం_లత

అదే అడుగుదామని. నేను సముద్ర జీవుల మీద చదువుకున్నదాన్ని. ఫోటోల సంగతి ఇక్కడ చాలామందికి నాకంటే బాగా తెలుసు. తిమింగలం ఏం చేస్తుందో మాత్రం నేను చెప్పగలను, ఎందుకంటే సగం ఫోటో అందులోనే ఉంది.

నీలి తిమింగలం లోతు నుంచి పైకొచ్చాక ఒక్క ఊపిరితో వెళ్ళిపోదు. పైనే నెమ్మదిగా కదులుతూ, కొన్ని సెకన్ల ఎడంతో వరసగా చాలాసార్లు ఊపిరి తీస్తుంది. అప్పుడు పైకి లేచే ఆవిరి ధార 9 మీటర్ల దాకా ఉంటుంది. అంటే మూడంతస్తుల మేడంత. ఈ ఊపిరుల మధ్య అది కొంచెమే మునిగి మళ్ళీ లేస్తుంది. ఆ వరస పూర్తయ్యాక చివరిసారి వీపును బాగా విల్లులా వంచుతుంది. అదే లోతుకి దిగే సూచన. దాని తర్వాత పది నిమిషాలో, ఇంకా ఎక్కువో కనిపించదు. తోక ఎత్తేదుంటే ఆ వంపు తర్వాతే ఎత్తుతుంది. హంప్‌బ్యాక్‌లు ఎక్కువసార్లు ఎత్తుతాయి. నీలి తిమింగలాల్లో అలా ఎత్తేవి కొన్నే.

బోటు ఎదురుగా దూసుకెళ్తే ఏమవుతుందంటే, అది ఆ వరసను మధ్యలోనే ఆపి దిగిపోతుంది. పైన ఉండాల్సిన సమయం తగ్గిపోతుంది. ఊపిరి చాలకుండా దిగితే దానికి మేత కూడా చాలదు. ఫోటో తీసేవాళ్ళకు దొరకాల్సిన నాలుగైదు అవకాశాలు ఒకటై కూర్చుంటాయి. 100 మీటర్ల దూరం పాటించాలన్నది శ్రీలంక నిబంధన కూడా. మంచి కెప్టెన్ తిమింగలం వెళ్ళే దారికి పక్కన, దానికి సమాంతరంగా, అదే వేగంతో వెళ్ళి ఇంజన్ న్యూట్రల్‌లో పెడతాడు. అలాంటి బోటు మీంచే తోక ఫోటోలు వస్తాయి.

వైజాగ్_విహారి

అంటే ఒక్క బోటు ఆగితే సరిపోతుందా? మిగతా పది బోట్లు మీద పడుతుంటే మనం దూరంగా నిలబడి చూస్తూ ఉండాలా? అందరూ డబ్బులు కట్టే వచ్చారు కదా.

తీరం_లత

మిగతా పది బోట్లు మీద పడతాయి నిజమే. సీజన్‌లో ఒక్క తిమింగలం చుట్టూ బోట్లు మూగడం అక్కడ పాత గొడవే. అందుకే బుక్ చేసేటప్పుడు "ఎంత దగ్గరికి తీసుకెళ్తారు" అని అడగకుండా "ఎంత దూరంలో ఆపుతారు, ఎంతమందిని ఎక్కిస్తారు, జీవుల గురించి చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటారా" అని అడగండి. మూడిటికీ నీళ్ళు నమిలితే ఆ బోటు వద్దు. గుంపు ఒక తిమింగలం మీద ఉన్నప్పుడు తెలివైన కెప్టెన్లు దాన్ని వదిలేసి ఇంకోదాన్ని వెతుక్కుంటారు. అది కూడా అడగొచ్చు.

ఆ తిమింగలాలకు అసలు ముప్పు మన బోట్లు కూడా కాదు. మిరిస్సాకు తూర్పున దొండ్ర కొన ఉంది, శ్రీలంకకు దక్షిణపు చివర. అక్కడ ఒడ్డుకు దగ్గరలోనే సముద్రం నిట్టనిలువుగా లోతు దిగుతుంది. మేత అక్కడే, కాబట్టి తిమింగలాలూ అక్కడే. ప్రపంచంలో రద్దీ ఎక్కువుండే ఓడల దారుల్లో ఒకటీ సరిగ్గా అక్కడి నుంచే పోతుంది. మీ ఫోటోల్లో వెనకాల కంటైనర్ ఓడలు పడేది అందుకే. ఓడలు గుద్దుకుని చచ్చిపోయినవి ఎన్నో. ఎంఎస్‌సీ అనే ఓడల కంపెనీ 2022లో తమ ఓడల్ని అక్కడికి దాదాపు 15 నాటికల్ మైళ్ళు దక్షిణంగా నడపడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళంతా మారితే బాగుండు.

ఆశా డి వోస్ అనే శ్రీలంక శాస్త్రవేత్త ఈ తిమింగలాల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. మామూలుగా నీలి తిమింగలాలు మేతకు ధ్రువాల వైపు చల్లటి నీళ్ళకు పోతాయి. ఇవి ఈ వెచ్చటి నీళ్ళలోనే ఏడాదంతా ఉంటాయని ఆవిడ పనితోనే లోకానికి బాగా తెలిసింది. ఆవిడకు మొదటి ఆధారం దొరికింది 2003లో, నీటి మీద తేలుతున్న తిమింగలం పేడ చూసి. ఎర్రగా ఉంటుంది. కనిపిస్తే దాన్నీ ఫోటో తీయండి, నవ్వకండి.

కృష్ణలంక_కిరణ్

లత గారూ, చాలా థాంక్స్. పేడ సంగతి మా పాపకు చెప్తే ఇప్పటికే తెగ నవ్వుతోంది. తిమింగలం కంటే దాని కోసమే ఎదురుచూస్తుందేమో.

రెండు ప్రశ్నలు. ఒకటి, మా ఆవిడ ఫోనుతో తీస్తుంది, ఆవిడకి ఏం చెప్పాలి? రెండు, అమ్మకు మందు.

డాక్టరమ్మ_నెల్లూరు

రెండోదానికి నేను చెప్తా. వాంతుల మాత్ర వాంతి మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. మన దగ్గర దొరికే అవోమిన్ లాంటివి రాత్రి పడుకునే ముందు ఒకటి, లేదా బోటెక్కడానికి గంటా రెండు గంటల ముందు వేసుకోవాలి. నిద్ర మత్తు వస్తుంది. అమ్మగారికి గ్లకోమా ఉన్నా, నాన్నగారికి ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నా మీ డాక్టర్ని అడగకుండా వేయొద్దు. బీపీ, షుగర్ మందులు వాడుతుంటే ఆ జాబితా కూడా చూపించండి. పాపకు మోతాదు వేరు, అది కూడా పిల్లల డాక్టరే చెప్పాలి.

ఖాళీ కడుపుతో వెళ్ళకూడదు. నూనెవి తినకూడదు. రెండు ఇడ్లీలో, బ్రెడ్డో, అరటిపండో చాలు. బోట్లు పొద్దున్నే ఆరున్నరకే బయల్దేరతాయి కాబట్టి హోటల్లో ముందే చెప్పి కట్టించుకోండి. అమ్మగారిని కింది అంతస్తులో మధ్యలో కూర్చోబెట్టండి, ఊపు అక్కడ తక్కువ. చూపు దూరంగా సముద్రం, ఆకాశం కలిసే గీత మీద ఉండాలి.

ఫోటోగ్రాఫర్లకు కూడా ఇదే వర్తిస్తుంది సుమా. తీసిన ప్రతిదాన్నీ తల వంచి స్క్రీన్ మీద చూసుకునేవాళ్ళకే ముందు కడుపులో తిప్పుతుంది.

సన్నీవేల్_సుబ్బు

డాక్టరమ్మ గారి చివరి మాట అక్షరాలా నిజం. స్క్రీన్ చూడటం తిమింగలం లోతుకి దిగాకే. ఆ పది నిమిషాలు మనవే. లత గారు చెప్పిన వీపు వంపు కనిపించిందంటే మాత్రం, వేలు బటన్ మీదే ఉండాలి. వంపు మొదలవ్వగానే బర్స్ట్ (వరసగా ఫోటోలు తీసే పద్ధతి) నొక్కేసి తోక పూర్తిగా లోపలికి వెళ్ళేదాకా వదలొద్దు. తోక నిలువుగా లేచి, అంచుల నుంచి నీళ్ళు తెరలా కారే క్షణం ఒక్కటుంటుంది. ఏ ఫ్రేములో పడిందో ఇంటికెళ్ళాక చూసుకోవచ్చు.

రెండు కళ్ళూ తెరిచి తీయడం అలవాటు చేసుకోండి. కుడికన్ను వ్యూఫైండర్లో, ఎడమకన్ను సముద్రం మీద. రెండోది పక్కన లేస్తే తెలుస్తుంది.

ఇక్కడి బోట్లలో గైడ్ "మూడు గంటల దిశ" అని మైకులో అరుస్తాడు. బోటు ముక్కు పన్నెండు, మన కుడి చెయ్యి మూడు. మీ పాపకు ముందే నేర్పించండి, పెద్దవాళ్ళకంటే పిల్లలే ముందు చూస్తారు.

మాధవి_మొబైల్

ఫోను ప్రశ్నకు నేను. నేను ఫోను తప్ప ఇంకేదీ వాడను. ఈ వేదికలో నన్ను మనిషిగా చూడరని తెలుసు, అయినా చెప్తా.

ఫోటోలకన్నా వీడియో మేలు. 4కే, సెకనుకు 60 ఫ్రేములు, ఫోను అడ్డంగా పట్టుకుని. తర్వాత అందులోంచి మంచి ఫ్రేము తీసుకోవచ్చు. ఫోనులో అసలు టెలి లెన్స్ ఎంతుందో, 3ఎక్స్ గానీ 5ఎక్స్ గానీ, అక్కడితో ఆపేయాలి. వేళ్ళతో 30ఎక్స్ దాకా లాగితే వచ్చేది నల్లటి చుక్క. నీటి మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే ఫోకస్, వెలుగు లాక్ అవుతాయి. లేకపోతే నురగ వచ్చినప్పుడల్లా వెలుగు ఎగుడుదిగుడు అవుతుంది. ఫోనుకు మెడలో వేసుకునే తాడు కొనండి. సముద్రంలో పడితే ఇన్సూరెన్స్ వాడు కూడా నమ్మడు.

మనుషుల్ని కూడా ఫ్రేములో పెట్టమనండి. మీ పాప వెనక నుంచి, ముందు ఆవిరి ధార. అలాంటివి పెద్ద కెమెరా వాళ్ళు తీయరు.

పాతకెమెరా

మాధవీ, నిన్ను మనిషిగా చూడనిది ఎవరమ్మా? చివరి సలహా నేనే కాపీ కొడతా.

వెలుగు గురించి ఎవరూ మాట్లాడలేదు. మిరిస్సా నుంచి బోటు దాదాపు దక్షిణానికి పోతుంది. పొద్దున సూర్యుడు తూర్పున, అంటే వెళ్ళేటప్పుడు మీకు ఎడమ పక్కన. సూర్యుడు మీ వెనక ఉండి రంగులు బాగా రావాలంటే కుడివైపు నిలబడండి. తిమింగలం శరీరం మీది నీలం, బూడిద మచ్చలు అటునుంచే తెలుస్తాయి. నీటి కింద ఉన్నప్పుడు లేత ఆకుపచ్చ నీలంలా మెరుస్తుంది చూడండి, అదీ అటునుంచే.

కానీ ఆవిరి ధార మాత్రం ఎడమవైపు తీయండి. సూర్యుడికి ఎదురుగా తీస్తే ఆ తుంపరలో వెలుగు పడి మొత్తం వెలిగిపోతుంది. నా దృష్టిలో తోక ఫోటో కంటే ఇదే గొప్ప. తోక అందరి దగ్గరా ఉంది. అయితే బోటు తిమింగలం చుట్టూ తిరుగుతుంటుంది కాబట్టి ఈ కుడి ఎడమలు మొదటి గంటకే. తర్వాత సూర్యుణ్ణి చూసుకుంటూ మీరే జరగాలి. జనం ఉంటారు, లైఫ్‌జాకెట్లు ఉంటాయి, అంత సులువేం కాదు.

పై అంతస్తా, కిందా? పై నుంచి నీటి కింది శరీరం బాగా కనిపిస్తుంది, ఆవిరి ధారను దూరం నుంచే పట్టుకోవచ్చు. కింద నుంచి తీస్తే తోక వెనక ఆకాశం వస్తుంది, ఆకారం తేటగా ఉంటుంది. కానీ పైన ఊపు ఎక్కువ. మీ కడుపు ఎంత గట్టిదో మీకే తెలియాలి.

గాల్లో_గోపి

అన్నలూ, డ్రోన్ పట్టుకెళ్ళొచ్చా? పై నుంచి మొత్తం శరీరం ఒకే ఫ్రేములో వస్తుంది కదా.

తీరం_లత

శ్రీలంకలో డ్రోన్ ఎగరేయాలంటే అక్కడి పౌర విమానయాన సంస్థ అనుమతి కావాలి. తిమింగలాల మీద ఎగరేయడానికి వన్యప్రాణి శాఖ వాళ్ళనూ అడగాలి. పర్యాటకులకు అది తేలే పని కాదు. మాంటెరే కూడా రక్షిత సముద్ర ప్రాంతమే, అక్కడా ఆంక్షలున్నాయి.

సన్నీవేల్_సుబ్బు

గోపీ, అనుమతి వచ్చిందనే అనుకో. బ్యాటరీ అయిపోతే డ్రోన్ ఎక్కడి నుంచి ఎగిరిందో అక్కడికే తిరిగొస్తుంది. అప్పటికి బోటు ఎక్కడుంటుంది తమ్ముడూ?

గాల్లో_గోపి

అర్థమైంది అన్నా. ఇంట్లోనే పెట్టేశా.

వైజాగ్_విహారి

మన వైజాగ్‌లో ఇలాంటి బోట్లు ఎందుకు లేవో ఎవరైనా చెప్పండి. బంగాళాఖాతంలో తిమింగలాలు లేవా ఏంటి?

తీరం_లత

ఉన్నాయి. 2023లో శ్రీకాకుళం జిల్లా మేఘవరం తీరానికి నీలి తిమింగలం కొట్టుకొచ్చింది, చచ్చిపోయి. వేటకు లోతుకి పోయే మత్స్యకారులను అడిగితే చూశామని చెప్తారు. కానీ బోటు నడిపేవాడికి "ఈ సీజన్లో, ఇంత దూరంలో, దాదాపు రోజూ కనిపిస్తాయి" అన్న భరోసా కావాలి. దొండ్ర దగ్గర పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చేంత దగ్గర్లోనే ఆ లోతూ, ఆ మేతా ఉన్నాయి. మనకు అలాంటి చోటు ఫలానా అని ఎవరూ చూపించలేదు.

కృష్ణలంక_కిరణ్

వెళ్ళొచ్చాం! అమ్మ మాత్ర వేసుకుని బోటు బయల్దేరిన కాసేపటికే నిద్రపోయింది, మొదటి ఊపిరి శబ్దానికి లేచి చివరిదాకా కూర్చుంది. ఆ శబ్దం గురించి ఎవరూ చెప్పలేదేంటి? ఇంజన్ ఆపేశాక అంత దూరం నుంచి కూడా బస్సు బ్రేకు గాలి వదిలినట్టు వినిపించింది.

బోటు వాళ్ళను లత గారి మూడు ప్రశ్నలూ అడిగాను. ఒక ఏజెంటు ఫోను పెట్టేశాడు. ఇంకొకాయన ఓపిగ్గా చెప్పాడు, ఆయన బోటే ఎక్కాం. ఓ గుంపు దగ్గరికి వెళ్ళి, బోట్లు మూగి ఉండటం చూసి పక్కకి తిప్పేశాడు. కాసేపు జనం గొణిగారు. తర్వాత మేము ఒక్కరమే ఉన్నచోట ఒకటి లేచింది. తోక ఎత్తింది.

ఫోటోలు పెట్టాను, చూడండి. 1/1600, ఎఫ్ 8, ఐఎస్ఓ 400 దగ్గర ఆడింది. నా సందేహాలు: నాలుగో ఫోటోలో నురగంతా తెల్లగా కాలిపోయింది. ఏడో ఫోటోలో ఉన్నది నీలి తిమింగలం కాదేమో, తల మీద గీతల్లా ఉన్నాయి. పన్నెండో ఫోటో వీపు, చిన్న రెక్క తప్ప ఏం లేదు, తీసేయనా?

పాతకెమెరా

తోక వరసలో మూడో ఫ్రేము చాలా బాగుంది. కుడి అంచు నుంచి కారే నీళ్ళు విడివిడిగా తెలుస్తున్నాయి. క్షితిజం మాత్రం పక్కకి ఒరిగింది, సరిచేయండి. మీరు చుట్టూ చోటు వదిలి తీశారు కాబట్టి తిప్పినా తోక అంచు తెగదు.

నాలుగోది: ఫ్రేములో నల్లటి శరీరం ఎక్కువ ఉండేసరికి కెమెరా దాన్ని వెలిగించబోయి నురగను కాల్చేసింది. ఎండ ఎక్కాక ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగును తగ్గించే, పెంచే సెట్టింగ్) మైనస్ మూడింట రెండు వంతుల స్టాపు పెట్టాల్సింది. రా ఫైల్ (కెమెరా సర్దకుండా దాచే అసలు ఫైలు) ఉంటే హైలైట్స్, అంటే బాగా వెలుగున్న భాగాలు, కిందికి లాగి చూడండి, కొంత తిరిగొస్తుంది. శరీరంలోని చీకటిని పైకి తేవడం సులువు, కాలిన తెలుపును తేలేం.

తీరం_లత

ఏడోది బ్రైడ్స్ తిమింగలం. ముక్కు నుంచి ఊపిరి రంధ్రాల దాకా మూడు గీతలుంటే అదే. అది తోక ఎత్తడం అరుదు, కాబట్టి తల దొరకడం మీ అదృష్టం.

పన్నెండోది తీసేయకండి! నీలి తిమింగలాలను ఒకదాన్నుంచి ఒకటి గుర్తుపట్టేది పక్కల మీది మచ్చలతోనూ, ఆ చిన్న వెన్ను రెక్క ఆకారంతోనూ. హంప్‌బ్యాక్ అయితే తోక అడుగువైపు నలుపు తెలుపు, ఓర్కా అయితే రెక్క, దాని వెనకున్న బూడిద మచ్చ. మీ పన్నెండో ఫోటోలో పక్కల మీది మచ్చలూ, వెన్ను రెక్కా రెండూ స్పష్టంగా ఉన్నాయి. హ్యాపీవేల్ అనే వెబ్‌సైటు ఉంది, అందులో తేదీ, సమయం, చోటుతో పెట్టండి. అదే తిమింగలాన్ని ఇంకెవరైనా ఇంకెక్కడైనా తీసుంటే పోల్చి చూస్తారు. జతపడితే మీకు మెయిలొస్తుంది.

సన్నీవేల్_సుబ్బు

కెమెరా గడియారం సరిగ్గా ఉందా చూసుకోండి కిరణ్. శ్రీలంకకూ మనకూ టైము ఒకటే కాబట్టి మీకు బాధ లేదు. ఇండియా నుంచి మాంటెరే వచ్చేవాళ్ళు మాత్రం మార్చుకోకపోతే పొద్దుటి ఫోటో రాత్రి తీసినట్టు పడుతుంది.

హంప్‌బ్యాక్‌ల విషయంలో ఆ సైటులో కంప్యూటరే తోకలను పోల్చేస్తుంది. నేను పెట్టిన ఒకటి మెక్సికోలో కూడా కనిపించిందని మెయిలొచ్చింది. ఆ ఫోటో అసలు ఎవరికీ చూపించేలా లేదు, మబ్బుగా, వంకరగా.

కృష్ణలంక_కిరణ్

పెట్టేశాను. ఇంకో సందేహం. లెన్స్ ముందు అద్దం మీద తెల్లటి పొరలా ఉంది. బాడీ మీద కూడా జిగట.

పాతకెమెరా

పొడిగుడ్డతో తుడవకండి! అది ఎండిన ఉప్పు, రుద్దితే గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఊదండి. తర్వాత మెత్తటి గుడ్డను మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండి, నొక్కుతూ అద్దండి. ఉప్పు కరిగాక ఇంకో శుభ్రమైన గుడ్డతో లెన్స్ తుడవండి. బాడీ, లెన్స్ రింగులు, మౌంట్ అంచులు, హాట్‌షూ (ఫ్లాష్ తగిలించే చోటు) అన్నీ ఇలాగే. రెండుసార్లు చేయండి. తర్వాత ఫ్యాన్ కింద ఆరబెట్టి సిలికా జెల్ పొట్లాలతో సంచిలో పెట్టండి.

కొత్తగా వెళ్ళేవాళ్ళకు: కెమెరాను రాత్రి ఏసీ గదిలో పెట్టి పొద్దున్నే బయటికి తీస్తే ఆ ఉక్కకు అద్దమంతా ఆవిరి పడుతుంది. జిప్ వేసిన సంచిలోనే ఉంచి మెల్లగా వేడెక్కనివ్వండి. హోటల్ బాత్రూములో పెట్టే స్నానపు టోపీ ఒకటి జేబులో వేసుకోండి, తుంపరకు కెమెరా మీద తొడగడానికి సరిగ్గా సరిపోతుంది.

రాజమండ్రి_రాణి

ఈ చర్చంతా చదివాను, చాలా ఉపయోగపడింది. మాకు పిల్లల సెలవులు మే చివరి వారంలోనే కుదురుతాయి. అప్పుడు మిరిస్సా వెళ్ళొచ్చా?

తీరం_లత

రాణి గారూ, మేలో నైరుతి రుతుపవనాలతో దక్షిణ తీరం అల్లకల్లోలంగా ఉంటుంది. అక్కడి సీజన్ నవంబరు చివర నుంచి ఏప్రిల్ దాకానే. మే నుంచి ఆగస్టు వరకు తూర్పు తీరంలో ట్రింకోమలీ చూడండి. అక్కడా ఒడ్డు దగ్గరే లోతు, నీలి తిమింగలాలు వస్తాయి. స్పెర్మ్ తిమింగలం కూడా కనిపించవచ్చు. దాని ఆవిరి ధార నిటారుగా లేవదు, ముందుకి, ఎడమవైపుకి వాలి ఉంటుంది. అలా కనిపిస్తే కెమెరా సిద్ధం చేసుకోండి, అది లోతుకి దిగేటప్పుడు మామూలుగా తోక ఎత్తే దిగుతుంది.

రాజమండ్రి_రాణి

థాంక్యూ అండీ. ట్రింకోమలీకే టికెట్లు చూస్తున్నా. పాతకెమెరా గారూ, నా దగ్గర 70-300 ఉంది, సరిపోతుందా?

పాతకెమెరా

ఏ బాడీ అమ్మా? ఏపీఎస్‌సీ అయితే ధారాళంగా సరిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్ అయితే 100 మీటర్ల దగ్గర 12 మీటర్ల వెడల్పు పడుతుంది, కాస్త క్రాప్ చేసుకోవాలి. ట్రింకోమలీలో బోటు పొద్దున తూర్పుకి పోతుంది కాబట్టి సూర్యుడు మీకు ఎదురుగానే ఉంటాడు. ఆవిరి ధార వెళ్ళేటప్పుడే తీసేసుకోండి.